నిమిరితే ఏడ్చే పిల్ల

మా అత్తగారు నా కూతురికి వాత పెట్టించిందని నేను నమ్మిన రోజు బాగా గుర్తుంది. మిరపకాయలు కల్లంలో ఎండబోసిన కాలం. సాయంత్రం పిల్లకి నీళ్ళు పోస్తుంటే ఎడమ మోచేతి కింద చర్మం కాలి, బొబ్బ చితికి, తడితడిగా కనబడింది. బొటనవేలంత పొడుగుంది ఆ మచ్చ. నాలుగేళ్ళ పిల్లకి అంత కాలితే ఊరంతా లేచిపోయేలా ఏడవాలి. పొద్దుట్నుంచీ నాకు దాని ఏడుపే వినబడలేదు. వేడినీళ్ళు ఆ పుండు మీద పడుతుంటే చెంబు అంచు కొరుక్కుంటూ నవ్వుతోంది.

మా వైపు పాతకాలం ఆడవాళ్ళ దగ్గర ఒక వైద్యం ఉండేది. పిల్లకి మాట రాకపోయినా, ఫిట్సు వచ్చినా పసుపుకొమ్ము కాల్చి ఒంటి మీద చురుక్కుమనిపించేవాళ్ళు. దాన్నే వాత పెట్టడం అంటారు. మా అత్తగారి పొట్ట మీద కూడా చిన్నప్పటి వాతలున్నాయి. వాటి వల్లే తాను బతికానని ఆమె గట్టి నమ్మకం. పసుపుకొమ్మూ బొటనవేలంతే ఉంటుంది. ఇంక నాకు వేరే సాక్ష్యం ఎందుకు?

అద్దంకి నుంచి గుంటూరు పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి నడవాల్సిన ఊరు మాది. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ఇంట్లో ఆయన, నేను, మా అత్తగారు, పిల్ల. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. కొంత మిరప, కొంత పత్తి వేసేవాళ్ళం. మధ్యాహ్నం పూట నేను కల్లంలో ఉంటే పిల్లని చూసేది మా అత్తగారే.

పిల్లని చంకనేసుకుని నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళాను.

"అత్తయ్యా, పిల్ల చేతికేమైంది?"

ఆమె ఆ చేతి వంక చూసి, తర్వాత నా మొహం వంక చాలాసేపు చూసింది. "నన్నడుగుతావేంది? కన్నదానివి నువ్వు."

"మధ్యాహ్నం మీ దగ్గరే ఉందిగా."

"నేను ముట్టుకుంటే కెవ్వుమంటుంది నీ కూతురు. ముట్టుకోనిస్తేగదా వాత పెట్టేది."

వాత అనే మాట నేను అనలేదు. కాలిందని కూడా అనలేదు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె నోట్లోంచే వచ్చింది ఆ మాట. సరే, దొరికావు అనుకున్నాను. నా కోపం గురించి మా పుట్టింట్లో కథలు చెప్పుకుంటారు. కానీ ఆ రోజు అరవలేదు. అరిస్తే జాగ్రత్త పడుతుంది. కనిపెట్టి చూద్దామనుకున్నాను.

మా పిల్ల సంగతి చెప్పాలి. అన్నీ ఆలస్యమే దానికి. మూడేళ్ళు నిండాక నడిచింది. మాట ఒక్కటీ రాలేదు. వయసుకి మించిన పెద్ద చేతులు. చేతికందింది నోట్లో పెట్టుకుని నమలాల్సిందే, అది నా చీర కొంగైనా, మంచం నులకైనా. ఎండలో మొహం ఎర్రగా కందిపోయేది కానీ చెమట బొట్టు కారేది కాదు. నవ్వుమొహం. నేను గట్టిగా వాటేసుకుని నొక్కితే కళ్ళు మూసుకుని మెత్తబడిపోయేది. అదే తల దువ్వబోతే మాత్రం యుద్ధం. గౌనుకి కుచ్చులుంటే పీకి పారేసేది. పత్తి తీతల కాలంలో ఇంట్లో దూది పింజలు ఎగురుతుంటే ఒళ్ళంతా గోక్కుంటూ అరిచేది. మొండిపిల్ల అన్నారు ఊళ్ళో. నేనూ అదే అనుకున్నాను.

అన్నిటికన్నా పెద్ద అరుపు మాత్రం నాయనమ్మ చెయ్యి పడితేనే వచ్చేది. మా అత్తగారు పక్కన కూర్చుని చెయ్యి వేసిందంటే చాలు, తేలు కుట్టినట్టు ఎగిరిపడేది. నా దగ్గర ఏడవని పిల్ల, తండ్రి దగ్గర ఏడవని పిల్ల, ఆమె దగ్గరే ఎందుకు ఏడుస్తుంది? నోరు లేని పిల్ల చెప్పగలిగిన సాక్ష్యం అదొక్కటే కదా. నేను కాకపోతే ఇంకెవరు వింటారు దాన్ని?

ఇంకోటి కూడా ఉంది. మిరప కాలం వచ్చిందంటే పిల్ల చంకల్లో, తొడల మీద, మెడ చుట్టూ ఎర్రటి దద్దుర్లు లేచేవి. ఒక్కోసారి చర్మం పొరలుగా ఊడేది. గిల్లితే అలా అవుతుందా, రుద్దితే అవుతుందా అని నేను లాంతరు పట్టుకుని వెతికినంత శ్రద్ధగా చూసేదాన్ని. ఎవరో రోజూ నా పిల్లని ఏదో చేస్తున్నారు. బయటివాళ్ళెవరూ రారు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాననుకున్నాను.

మిరప ఇళ్ళల్లో చేతుల సంగతి అందరికీ తెలిసిందే. కాయలు ఏరి, తొడిమలు తీసి లేచేసరికి అరచేతులు భగభగ మండుతాయి. ముందు మజ్జిగ రాసుకుంటాం, తర్వాత నూనె, ఆ తర్వాత సబ్బు. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో కారం ఉండిపోతుంది. అది పోయిందో లేదో తేల్చేది చివరికి పసిపిల్లలే. చంటిదాన్ని ఎత్తుకుంటే ఏడ్చిందా, మళ్ళీ వెళ్ళి కడుక్కో. ఏడవలేదా, చేతులు బాగున్నాయి. మా అమ్మ అలాగే చేసేది, మా అమ్మమ్మా అలాగే చేసేది. ఆ లెక్కన మా అత్తగారు రోజూ నూతి దగ్గర చేతులు అరిగిపోయేలా తోముకునేది. తోమి తోమి వచ్చి పిల్లని తాకితే కెవ్వుమనేది. మళ్ళీ వెళ్ళి తోముకునేది. నాకా అవస్థ లేదు. ఒక్కసారి కడుక్కుని వచ్చి ఎత్తుకుంటే నా పిల్ల కిలకిల నవ్వేది.

"నీ చేతుల్లో ఏముందే, నా చేతుల్లో లేంది?" అనేది మా అత్తగారు. ప్రేమ ఉంది అని పైకి అనలేదు కానీ మొహంలో కనబడే ఉంటుంది.

వాత చూసిన మర్నాడు నేనొక పన్నాగం పన్నాను. కాటుకని ఆముదంలో బాగా కలిపి పిల్ల జబ్బలకీ తొడలకీ గౌను కింద పూశాను. ఎవరు గిల్లితే వాళ్ళ వేళ్ళకి నలుపు అంటుకోవాలి. సాయంత్రం కల్లం నుంచి వచ్చి చూస్తే ఆయన బనీను మీద నలుపు, దూడ చెవి మీద నలుపు, నా జాకెట్టు మీదా నలుపే. మా అత్తగారి వేళ్ళు మాత్రం కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఆమె కొంగు చివర చూశాను. అక్కడ ఉంది నలుపు. ఓహో, వేలికి కొంగు చుట్టుకుని గిల్లుతోందన్నమాట, గోటి గుర్తు పడకుండా. ఎంత తెలివి అనుకున్నాను. నా తెలివికి నేనూ మురిసిపోయాను.

"పిల్లకీ మసి ఏంది?" అంది ఆమె కొంగు దులుపుకుంటూ.

"దిష్టికి పూశానులెండి."

"దిష్టి తియ్యడం ఇట్లా కాదు" అని లేచింది.

ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి పిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. మా వాళ్ళ లెక్కలో దిష్టి తగిలి ఉంటే మిరపకాయ కాలినా ఘాటు రాదు. తగలకపోతే ఆ గదిలో మనిషి నిలబడలేడు. ఆ రోజు వచ్చిన ఘాటుకి నేనూ ఆయనా దగ్గుకుంటూ వాకిట్లోకి పరిగెత్తాం. మా అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ మా వెనకే వచ్చింది. పిల్ల రాలేదు. తొంగిచూస్తే పొయ్యి ముందే నిలబడి, నోరు తెరిచి, ఆ పొగకేసి చేతులు ఊపుతోంది. కంట్లో చుక్క నీరు లేదు.

మా అత్తగారు గుడ్లప్పగించి దాన్నే చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. "దిష్టి లేదు" అంది మెల్లగా. "పిల్లకి ఏం తాపిస్తున్నావు నువ్వు?"

వెనకటి రోజుల్లో కూలికి పోయే తల్లులు పసిపిల్లలకి ఆవగింజంత నల్లమందు నాకించి పడుకోబెట్టేవాళ్ళని చెప్పింది ఆమే. ఆ మత్తులో ఉన్న పిల్ల ఏడవదు, దగ్గదు. నేనూ అదే చేస్తున్నానని ఆమె తేల్చేసుకుంది. ఆ రోజు నుంచీ పిల్ల తాగిన గ్లాసు వాసన చూసేది. నా ట్రంకు పెట్టె తెరిచి చూసిన గుర్తులు కనబడేవి. నేనేం తక్కువ తిన్నానా, పిల్ల తలకి ఆమె రాసే నూనె నాలుక మీద వేసుకుని చూసేదాన్ని. ఇద్దరం మాట్లాడుకోవడం తగ్గించి చూసుకోవడం పెంచాం. ఆయన అన్నం తిని, చెయ్యి కడుక్కుని, బండెక్కి పోయేవాడు.

అలా ఉండగా పత్తి కట్టె కొట్టించాం. కొట్టిన తర్వాత చేలో మోళ్ళు మిగులుతాయి, కత్తుల్లా ఉంటాయి. పిల్లని మా అత్తగారి దగ్గర వదిలే ధైర్యం లేక నాతో తీసుకెళ్ళాను. చెప్పులు తొడిగితే ఉంచుకోదు కదా. మర్నాడు పొద్దున మా అత్తగారు దాని పాదం చూసింది. వాచి నిగనిగలాడుతోంది. నొక్కితే చీము వచ్చింది, చీముతో పాటు వేలి కణుపంత పత్తి మోడు ముక్క బయటికొచ్చింది. దాంతోనే ఒక రోజంతా నడిచింది మా పిల్ల, పరిగెత్తింది కూడా.

ఆ ముక్క అరచేతిలో పెట్టుకుని నా ముందుకొచ్చింది. "దీనికేం చెప్తావు?"

"చేలో గుచ్చుకుని ఉంటుంది."

"గుచ్చుకుంటే ఏడవదా? కుంటదా? మందు పోసి తీసుకెళ్ళావు కాబట్టి ఏడవలేదు. ముందు కాల్చావు, ఇప్పుడిది. దీన్ని చంపేదాకా నిద్రపోవా నువ్వు?"

నా ఒళ్ళు మండిపోయింది. "లోపల ముక్క ఉందని మీకెట్లా తెలిసింది? పెట్టినవాళ్ళకే తెలుస్తుంది."

ఆమె నేరుగా ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి కనిగిరిలో ఉన్న కూతురికి ఫోన్ చేసి వచ్చింది.

మా వదిన మర్నాడు దిగింది. ఆయనకి అక్క. మంచిమనిషి, ఎవరినీ ఒక్క మాట అనదు, ఎవరేం చెప్పినా నమ్ముతుంది. తల్లి చెప్పింది విని తలూపింది, నేను చెప్పింది విని తలూపింది. పిల్ల కాలికి కట్టు కట్టింది. ఆ తర్వాత సంచీ తెచ్చి పిల్ల గౌన్లు మడతపెట్టడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావు వదినా?"

"నేను తీసుకుపోతానమ్మా దీన్ని. అమ్మ చేస్తుందో, నువ్వు చేస్తున్నావో నాకొద్దు. మీ ఇద్దరి మధ్యా ఉంటే ఇది దక్కదు. నా దగ్గర పెరుగుద్దిలే."

ఆయన వైపు చూశాను. కాదంటాడనుకున్నాను. ఆయన గోడకేసి చూస్తూ, "కొన్నాళ్ళు అక్క దగ్గరుంటే మంచిదేమో" అన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ మాటంత నొప్పి నాకింకేదీ పెట్టలేదు. నా మొగుడు కూడా నన్ను అనుమానిస్తున్నాడు. ముగ్గురూ ఒక పక్క, నేనొక్కదాన్నీ ఒక పక్క. పిల్లేమో ఆ సంచీ తాడు నములుతోంది.

కట్టు మార్చడానికి వచ్చిన మా ఊరి ఆరెంపీ డాక్టరు దారి చూపించాడు. ధనుర్వాతం సూది వేశాడు. పిల్ల సూది వంకే చూస్తూ కూర్చుంది. డాక్టరు బిత్తరపోయి, "ఇదేదో నరాల సంగతమ్మా, గుంటూరు తీసుకెళ్ళండి" అన్నాడు. నాకు నరాలతో పనిలేదు. పెద్ద డాక్టరైతే దద్దుర్లు చూసి, వాత చూసి, ఇది ఎలా అయిందో చెప్పేస్తారు కదా అని ఆశ. ఎలా అయిందో తెలిస్తే ఎవరి చెయ్యో తేలిపోతుంది.

"డాక్టరు దగ్గరే తేలనీ" అన్నాను. "నా చెయ్యని తేలితే పిల్లని మీరే పట్టుకుపోండి. ఆమె చెయ్యని తేలితే ఆమె నా పిల్ల జోలికి రాకూడదు."

"నేనూ వస్తా" అంది మా అత్తగారు. "నా ముందే తేలాలి."

వదిన సంచీ విప్పలేదు. మేం వచ్చేదాకా ఉంటానంది.

బస్సులో పిల్లని మధ్యన కూర్చోబెట్టుకుని చెరో చెయ్యీ పట్టుకున్నాం. నేను పట్టుకున్న వైపు ఊరుకుంది. ఆమె మెత్తగా మణికట్టు చుట్టూ వేళ్ళు వేస్తే విదిలించి అరిచింది. ఎదురు సీటావిడ మా అత్తగారి వంక అదోలా చూసింది. నాకు లోపల్లోపల సంతోషమే వేసింది, ఎందుకు దాచాలి.

పిల్లల నరాలు చూసే డాక్టరమ్మ నడివయసు మనిషి, తొందర లేని మనిషి. మా అత్తగారు మంచినీళ్ళకని బయటికి వెళ్ళినప్పుడు నేను చెప్పేశాను, నాకు మా అత్తగారి మీద అనుమానమని. తర్వాత నేను పిల్లని బాత్రూముకి తీసుకెళ్ళి వచ్చేసరికి మా అత్తగారు ఆమె చెవి దగ్గర ఒంగి ఉంది. డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోమంది.

"ఇద్దరూ ఒకటే చెప్పారు" అంది. "పేరే మారింది."

మా అత్తగారు నా వైపు చూడలేదు, నేనూ ఆమె వైపు చూడలేదు.

పిల్ల చేతికి ఆటబొమ్మ ఇచ్చి, అది నమలడంలో పడ్డాక, వెనక నుంచి గుండుసూదితో మడమ మీద గుచ్చింది డాక్టరమ్మ. కాలు కదల్లేదు. ఇంకాస్త గుచ్చింది. రక్తపు బొట్టు కనబడింది. పిల్ల బొమ్మ నములుతూనే ఉంది. చల్లటి ఇనుప కడ్డీ ఆనించింది, అదీ పట్టలేదు. మా అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు డాక్టరమ్మ కట్లకి వాడే దూది కట్టలోంచి చిన్న పింజ లాగి, చివర సన్నగా నులిమి, దాంతో పిల్ల చెంప మీద తాకీ తాకనట్టు రాసింది.

పిల్ల పెట్టిన కేక వరండాలో జనానికి వినబడింది. బొమ్మ విసిరేసి, చెంప గీరుకుంటూ, కాళ్ళు కొట్టుకుంటూ ఏడ్చింది. నేను ఎత్తుకుని గట్టిగా అదిమిపట్టాను. నెమ్మదించింది.

"నేను చేసేదీ అదే" అంది మా అత్తగారు. "కాయకష్టం చేసిన చేతులండీ నావి, గరుకు. గీసుకుంటాయని వేళ్ళ కొసల్తో నిమురుతాను. మూతి తుడవాలన్నా కొంగుతోటే తుడుస్తాను. ఎంత మెత్తగా ముట్టుకుంటే అంత ఏడుస్తుంది."

డాక్టరమ్మ ఇంకో గదిలో మిషను మీద కూడా చూసింది, సన్నగా కరెంటు పెట్టి. తర్వాత అర్థమయ్యేలా చెప్పింది. పెద్ద నరాలు బాగానే ఉన్నాయి. నొప్పి, వేడి, కారం, ఈ మంటల కబురు మోసే సన్న నరాలు వేరే. వాటి సంగతి ఈ మిషను చెప్పలేదు, పిల్లని చూసి తెలుసుకోవాల్సిందే. ఈ పిల్లకి ఆ కబురు చాలా తక్కువగా అందుతోంది. మెత్తటి తాకిడి మాత్రం భరించలేనంత ఎక్కువగా అందుతోంది. గట్టిగా పట్టుకుంటే హాయిగా ఉంటుంది. మాట రాకపోవడం, నమలడం, చెమట పట్టకపోవడం, అన్నీ ఒకే వేరు నుంచి వచ్చి ఉండొచ్చు, పుట్టుకతో వచ్చిందై ఉండొచ్చు అంది. తర్వాత కొన్నేళ్ళకి హైదరాబాదులో రక్తం పరీక్ష చేస్తే అదే తేలింది. ఇరవై రెండో క్రోమోజోము చివర చిన్న ముక్క లేదట. మా అత్తగారు అప్పుడు అడిగిన మొదటి ప్రశ్న, "మా వైపు నుంచా, వాళ్ళ వైపు నుంచా?" నా రక్తమూ, ఆయన రక్తమూ చూసి, ఎవరి వైపు నుంచీ కాదన్నారు.

గుంటూరులో ఆ రోజు మాత్రం ఇంకొక ప్రశ్న మిగిలింది. డాక్టరమ్మ పిల్ల మెడ కింద దద్దుర్లు చూస్తూ, "ఇవి ఎప్పుడు వస్తాయి?" అంది.

"మిరపకాయలప్పుడండీ" అన్నాను.

"మీరు పని చేసి వచ్చి ఎత్తుకుంటారా? చేతులు బాగా కడుక్కుంటారా?"

"కడుక్కోకుండా ఎట్లా ఎత్తుకుంటామండీ. అయినా నేను ఎత్తుకుంటే ఇది ఏడవదు. కారం ఉంటే ఏడ్చేదిగా."

బల్ల మీద గుండుసూదీ, దూది పింజా అలాగే పడి ఉన్నాయి. నేను అన్న మాట నాకే వినబడింది. నా చేతుల కేసి చూసుకున్నాను. నన్ను చూసి నవ్వే పిల్ల, నా దగ్గర ఏడవని పిల్ల. చంకల కింద, తొడల మీద, మెడ చుట్టూ, నేను రోజూ గట్టిగా పట్టుకునే చోట్లు. దొంగని పట్టుకోవాలని వచ్చినదాన్ని నేను. పక్కన మా అత్తగారు ఉంది. ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి, తోమి తోమి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆమెకీ అర్థమైంది. అర్థమైందని నాకు తెలిసింది.

"ఇవి గిల్లినవి కాదు, కారం వల్ల వచ్చినవి" అంది డాక్టరమ్మ. "ఎవరి చేతివో నేను చెప్పలేను."

మా అత్తగారు గొంతు సవరించుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను.

"మా ఇంట్లో అందరివీ కారం చేతులేనండీ" అంది.

తిరుగు ప్రయాణంలో నేను ఆ మాటే నములుతూ కూర్చున్నాను. ఎందుకంది? ఇంటికెళ్ళాక కూతురి ముందు, కొడుకు ముందు చెప్పడానికి అట్టే పెట్టుకుందేమో. పదిమందిలో పరువు తియ్యడానికి ఇదేం చోటు, అక్కడైతే సంచీ సిద్ధంగా ఉంది కదా అనుకుందేమో. అదే అయి ఉంటుంది. ఆమె స్థానంలో నేనుంటే అదే చేసేదాన్ని.

వాకిట్లోనే వదిన ఎదురొచ్చింది. ఆయన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. "ఏం తేలిందే అమ్మా?"

మా అత్తగారు చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, చెంబు బోర్లించింది.

"పుట్టుకతో నరాల జబ్బంట. ఒంటికి నొప్పి తెలీదంట. ఎవరి చెయ్యీ కాదు" అంది. "నువ్వు రేపు పొద్దున బస్సుకి పో. పిల్ల ఇక్కడే ఉంటుంది."

వదిన వెంటనే నమ్మేసింది. కళ్ళు తుడుచుకుని గౌన్లన్నీ తీసి మళ్ళీ పెట్టెలో సర్దింది. ఆయన నా దగ్గరికొచ్చి, "హమ్మయ్య, అనుమానం తీరిపోయింది కదా" అన్నాడు. నాకేం తీరలేదు. వదిన వెళ్ళిపోయాక కూడా మా అత్తగారు నాతో ఏమీ అనలేదు. దెప్పలేదు, సాధించలేదు. అదే నాకు ఇంకా భయంగా ఉండేది.

వాత సంగతి వారం తిరక్కుండానే తేలింది. ఆయన బజారు నుంచి వచ్చి బండి పంచలో ఆపాడు. పిల్ల పరిగెత్తుకుంటూ వెళ్ళి, బండి పక్కన చతికిలబడి, వేడిగా ఉన్న సైలెన్సర్ గొట్టానికి తన మోచెయ్యి ఆనించి నొక్కుకుంది. మొహంలో ఎంత హాయో. నేను ఒక్క గంతులో వెళ్ళి లాగాను. పాత మచ్చ పక్కనే కొత్త ఎరుపు తేలింది.

పిల్లని అలాగే ఎత్తుకుని మా అత్తగారి దగ్గరికి వెళ్ళాను. కల్లం అంచున నీడలో కూర్చుని రంగు చెడిన తాలుకాయలు ఏరుతోంది.

"అత్తయ్యా, ఆ వాత బండిదే. ఇప్పుడు నా కళ్ళతో చూశాను."

"ఊఁ" అంది, ఏరడం ఆపకుండా.

"మీరు కాదు."

"నాకు తెలుసుగా నేను కాదని."

ఇంక ఉండలేకపోయాను. "ఆ దద్దుర్లు ఎవరి వల్ల వచ్చాయో మీకు తెలుసు. డాక్టరు దగ్గర చెప్పలేదు, వదినకీ చెప్పలేదు. చెప్పి ఉంటే పిల్లని తీసుకుపోయేవాళ్ళు, మీ మాటే నెగ్గేది. ఎందుకు చెప్పలేదు?"

ఆమె చేతిలో కాయలు కింద పోసింది. నా వంక చూసింది, ఆ పాత చూపే, నమ్మకం లేని చూపు.

"మీ వదిన మంచిది" అంది. "ఎవరేం చెప్పినా నమ్ముతుంది. పిల్ల నవ్వుతుంటే బాగానే ఉందని తన పనిలో తానుంటుంది. ఇది కాల్చుకుంటూ కూడా నవ్వుద్ది. నువ్వు నమ్మవు. కొంగు మీద మరకలు చూస్తావు, నూనె నాకి చూస్తావు, కన్నతల్లిలాంటి అత్తని దొంగని చేస్తావు. దీనికి కావాల్సింది అట్లాంటి మనిషే. నన్ను నమ్మడం మొదలుపెట్టబాకు. నేనూ నిన్ను నమ్మను."

చేతులు చాచింది. పిల్లని ఇచ్చాను. డాక్టరమ్మ చెప్పినట్టు గట్టిగా, ఎముకలు నొక్కుకునేలా అదుముకుంది. పిల్ల ఏడవలేదు. మొదటిసారి ఆమె భుజం మీద తల వాల్చింది. మా అత్తగారి మొహం చూడలేకపోయాను. అయినా ఆ చేతులు ఇంకాస్త ఎక్కువ బిగుస్తున్నాయేమో అని, అక్కడే నిలబడి చూస్తూనే ఉన్నాను.